ఫ్రెడ్డీ గురించి అందరూ అడిగేవి



క్వీన్ అనే ఇంగ్లీషు రాక్ బృందం గురించీ, అందులో ముందు నిలబడి పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ గురించీ ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం. ఇంగ్లీషు పాటల జోలికి పోనివాళ్లకు కూడా వీళ్ల పాటలు తెలుసు. క్రికెట్ మైదానంలో రెండుసార్లు కాలితో దబదబమనిపించి ఒకసారి చప్పట్టు కొట్టే పాట ఉంది చూడండి, అది వీళ్లదే. కప్పు గెలిచిన జట్టు గంతులేస్తుంటే లౌడ్‌స్పీకర్లలో వచ్చే పాటా వీళ్లదే. 2018లో ఫ్రెడ్డీ జీవితం మీద సినిమా వచ్చాక, అతను పోయేనాటికి పుట్టని పిల్లలు కూడా అభిమానులైపోయారు.

అభిమానులన్నాక ప్రశ్నలుంటాయి. ఎవరి నోట విన్నా ఇంచుమించు అవే. అతను మనవాడేనా? ఆ పళ్లేమిటి అలా ఉన్నాయి? అంత గొంతు ఎలా వచ్చింది? ఆ ఆరు నిమిషాల పాటకు అర్థమేమిటి? సినిమాలో చూపించిందంతా నిజమేనా? బృందంలో ఆ నాలుగోవాడు ఏమైపోయాడు? ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఒక ఆశ ఉంటుంది. ఎక్కడో ఏదో మహిమ ఉండే ఉంటుంది, దాని గుట్టు ఎవరైనా చెబితే బాగుండునని. నాకు మాత్రం ఎటు తవ్వినా చాకిరీయే కనబడింది.

మన దేశంలో అందరూ ముందు అడిగేది మొదటి ప్రశ్నే. అతని అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్ ద్వీపంలోని స్టోన్ టౌన్‌లో పుట్టాడు. ఆఫ్రికా తూర్పు తీరానికి దగ్గర్లో ఉండే ఈ ద్వీపం అప్పట్లో సుల్తాను పేరు మీద బ్రిటిషువాళ్లు నడిపించిన రాజ్యం. తండ్రి బోమీ బుల్సారా అక్కడ సర్కారు కొలువులో క్యాషియరు. తల్లి పేరు జెర్. ఇద్దరూ గుజరాతు నుంచి వెళ్లిన పారశీలు. మన ఇళ్లల్లో ఊరి పేరే ఇంటిపేరైనట్టు, వాళ్ల ఇంటిపేరు కూడా బుల్సార్ అనే ఊరి నుంచి వచ్చింది. ఇప్పుడు ఆ ఊరిని వల్సాడ్ అంటున్నారు. పారశీలంటే మనకు మరీ కొత్తవాళ్లేమీ కాదు. సికింద్రాబాదులో వాళ్ల అగ్నిమందిరం ఎన్నో తరాల నుంచి ఉంది.

ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఓడెక్కించి బొంబాయి పంపారు. అక్కణ్నుంచి కొండమీది ఊరు పంచగని. మహారాష్ట్రలో సతారా దగ్గర ఉంటుంది, హాస్టలు బడులకు పేరుపడ్డ ఊరు. అక్కడ సెయింట్ పీటర్స్ స్కూల్లో చేర్చారు. ఫరోఖ్ అనే పేరు తోటి పిల్లల నోట ఫ్రెడ్డీ అయింది ఆ బడిలోనే. పియానో పద్ధతిగా నేర్చుకున్నదీ అక్కడే. పన్నెండేళ్ల వయసులో మరో నలుగురు కుర్రాళ్లతో కలిసి ది హెక్టిక్స్ అని ఒక బృందం కట్టాడు. ఇక్కడొక విశేషం ఉంది. ఆ బృందంలో ముందు నిలబడి పాడింది మరో కుర్రాడు. మన ఫ్రెడ్డీ వెనకాల పియానో దగ్గర కూర్చునేవాడు. రేడియోలో ఒక పాట ఒకసారి వింటే చాలు, పియానో మీద దించేసేవాడని తోటివాళ్లు చెప్పుకున్నారు. లతా మంగేష్కర్ పాటలంటే ఇష్టపడేవాడని కూడా అంటారు.

చదువు పూర్తికాకుండానే 1963లో జాంజిబార్ తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడు జనవరిలో అక్కడ తిరుగుబాటు వచ్చింది. సుల్తాను పారిపోయాడు. అరబ్బులనూ భారతీయులనూ వేల సంఖ్యలో చంపేశారు. బుల్సారాల కుటుంబం చేతికందినవి పట్టుకుని ఇంగ్లండు చేరింది. లండన్ పొలిమేరల్లో, హీత్రో విమానాశ్రయం దగ్గర్లో ఫెల్తమ్ అనే చోట చిన్న ఇల్లు. పదిహేడేళ్ల కుర్రాడు అదే విమానాశ్రయంలో కొన్నాళ్లు సామాన్లు మోశాడు. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివి 1969లో డిప్లొమా తీసుకున్నాడు. తర్వాత కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత బట్టల దుకాణం పెట్టుకున్నాడు, రోజర్ టేలర్ అనే డ్రమ్ములు వాయించే స్నేహితుడితో కలిసి.

మరి తాను భారతీయుణ్నని ఎందుకు దాచాడని అడుగుతారు. దాచాడనడం కొంచెం పెద్ద మాట. చెప్పుకోలేదు, అంతే. ఎవరైనా కదిపితే మాట తప్పించేవాడు. అప్పటి ఇంగ్లండు ఎలా ఉందో కూడా చూడాలి. 1968లో ఈనక్ పవెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలసవాళ్ల మీద విషం కక్కుతూ ప్రసంగించాడు. వీధుల్లో మనవాళ్ల రంగు చూసి కొట్టిన రోజులవి. రాక్ సంగీతంలో పైకి రావాలనుకున్న కుర్రాడు ఆ రోజుల్లో బుల్సారా అనే పేరు పక్కన పెట్టాడంటే ఇంట్లో కూర్చున్న మనం తప్పు పట్టడం సులువు. నేను పట్టను. ఇంటిపేరు 1970 ప్రాంతంలో మెర్క్యురీ అయింది. క్వీన్ తొలి ఆల్బమ్‌లో 'మై ఫెయిరీ కింగ్' అని ఒక పాట ఉంది, ఆ పాట రాస్తున్నప్పుడే ఈ పేరు పుట్టిందని గిటారిస్టు బ్రయన్ మే చెప్పాడు. పేరు ఎలా మారినా అమ్మానాన్నలతో సంబంధం తెగలేదు. చివరికి అంత్యక్రియలు జరిపించిందీ పారశీ పూజారులే.

కాబట్టి మనవాడేనా అంటే, సంగీతం అబ్బింది పంచగనిలో, పెరిగింది పారశీ ఇంట్లో, పాడింది లండన్‌లో. ఇందులో ఎవరికెంత వాటా అన్న తగువు నాకు పట్టదు.

ఇక పళ్లు. పై దవడలో వెనక వైపు అతనికి నాలుగు పళ్లు ఎక్కువ. అవి ముందు పళ్లను తోసేశాయి. బళ్లో పిల్లలు పేర్లు పెట్టి ఏడిపించేవాళ్లు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం, పై పెదవి కిందికి లాక్కోవడం జీవితాంతం అలవాటుగా ఉండిపోయింది. డబ్బొచ్చాక సరిచేయించుకోవచ్చు కదా అంటే, నోట్లో చోటు తగ్గితే గొంతు మారుతుందేమోనని భయపడ్డాడు. ఆ పళ్ల వల్లే ఆ గొంతు వచ్చిందని అభిమానులు ఇప్పటికీ నమ్ముతారు. దానికి శాస్త్రీయంగా ఆధారమేదీ లేదు.

గొంతు మీద మాత్రం నిజంగానే పరిశోధన జరిగింది. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ హెర్బ్‌స్ట్, మరికొందరు శాస్త్రజ్ఞులు 2016లో దాన్ని ప్రచురించారు. ఫ్రెడ్డీ ఇంటర్వ్యూల్లో మాట్లాడిన మాటల శ్రుతి కొలిస్తే అతనిది సహజంగా కాస్త బరువైన గొంతని తేలింది. పాడేటప్పుడు పై స్థాయిలో పాడాడు. అతని గొంతులో కంపన చాలామంది గాయకుల కంటే వేగంగా ఉంటుంది, సెకనుకు సుమారు ఏడుసార్లు, అదీ కుదురుగా కాదు, కాస్త అటూ ఇటూ తూగుతూ. మన సంగీతంలో గమకం విని పెరిగిన చెవికి అతని గొంతు ఎందుకు దగ్గరగా తోస్తుందో ఇక్కడ కొంచెం అందుతుంది. గమకం వేరు, ఈ కంపన వేరు, ఆ సంగతి తెలుసు. అయినా నిలకడగా గీత గీసినట్టుండే స్వరం కంటే కదిలే స్వరం మనకు తొందరగా ఎక్కుతుంది కదా. గొంతులో ఆ బొంగురు ఎలా వస్తుందో చూడ్డానికి అతన్ని అనుకరించే ఒక రాక్ గాయకుడి గొంతులోకి సెకనుకు నాలుగు వేలకు పైగా బొమ్మలు తీసే కెమెరా దించారు. నాలుగు సప్తకాల గొంతని లోకంలో ప్రచారం ఉంది. ఆ మాటను ఆ పరిశోధకులు కాదనీ అనలేదు, అవుననీ తేల్చలేదు.

ఇంకో సంగతి. ఈ గొంతుకు తరచూ జబ్బు చేసేది. స్వరతంత్రుల మీద కాయలు కట్టి కచేరీలు మానుకోవాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. దానికి తోడు సిగరెట్లు. అందుకే రికార్డులో పాడిన పై స్వరాలను వేదిక మీద చాలాసార్లు కిందికి దించి పాడేవాడు. వింటే తెలుస్తుంది. అది లోపమని నేననుకోను. వందల కచేరీలు చేసే మనిషి గొంతును ఆమాత్రం కాపాడుకోవాలి.

ఇప్పుడు ఆరు నిమిషాల పాట దగ్గరికి వద్దాం. 'బొహీమియన్ రాప్సొడీ'. 1975 అక్టోబరు 31న విడుదలైంది. నిడివి అయిదు నిమిషాల యాభై అయిదు సెకన్లు. అర్థమేమిటని ఫ్రెడ్డీని అడిగి అడిగి విలేకరులు విసిగిపోయారు. వినేవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు అనుకోవాలనేవాడు. ఒక హత్య, తల్లితో చెప్పుకోవడం, మధ్యలో ఒపెరా ఫక్కీలో విచారణ, చివర్లో కోపం, ఆపైన నీరసం. మధ్యలో అరబ్బీ మాట ఒకటి కూడా పడుతుంది. తన ఇష్టాయిష్టాల గురించి ఇంట్లో చెప్పలేని కుర్రాడి గోడే ఆ పాట అని కొందరంటారు. కావచ్చు. నాకు అర్థం కంటే దాన్ని కట్టిన తీరు మీద ఆసక్తి.

వేల్స్‌లో రాక్‌ఫీల్డ్ అనే పల్లెటూరి స్టూడియోలో మొదలుపెట్టారు. మధ్యలో వచ్చే ఒపెరా బృందగానం వింటే యాభైమంది పాడుతున్నట్టుంటుంది. పాడింది ముగ్గురు. ఫ్రెడ్డీ మధ్య స్థాయి, బ్రయన్ మే కింది స్థాయి, రోజర్ టేలర్ పై స్థాయి. ముగ్గురూ ఒక్కొక్క వాక్యాన్ని పదేపదే పాడి, ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా టేపు మీద పేర్చారు. అప్పటి టేపులో ఇరవై నాలుగు వరుసలే ఉండేవి. అవి నిండగానే అన్నిటినీ కలిపి ఒకటి రెండు వరుసల్లోకి సర్ది, మిగతా చోటులో మళ్లీ పాడటం. మళ్లీ నిండితే మళ్లీ సర్దడం. అలా తిప్పి తిప్పి టేపు అరిగి, వెలుతురుకు పట్టి చూస్తే అవతల పక్క కనబడేదట. ఒక్క ఒపెరా భాగానికే వారాలు పట్టింది. ఎక్కడ ఏ స్వరం రావాలో మొత్తం ఫ్రెడ్డీ బుర్రలోనే ఉండేది. మధ్యమధ్య అతను ఖాళీ వదలమంటే మిగతావాళ్లు ఎందుకో తెలియకపోయినా వదిలేవాళ్లు.

ఈ మధ్య ఇంకొక సంగతి బయటపడింది. 2023లో లండన్‌లో సోథబీస్ వాళ్లు ఫ్రెడ్డీ సామాను వేలం వేశారు. అందులో ఈ పాట చిత్తుప్రతులున్నాయి. ఒక విమాన సంస్థ కేలండరు కాగితాల వెనక రాసుకున్నాడు. పైన ముందు 'మంగోలియన్ రాప్సొడీ' అని రాసి, ఆ మొదటి మాట కొట్టేసి, 'బొహీమియన్' అని పెట్టాడు. మంగోలియన్ అనే పేరే ఉండిపోయి ఉంటే ఈపాటికి ఎందరు ఎన్ని వ్యాఖ్యానాలు రాసేవారో! ఆ వేలంలోనే అతను పాటలు కట్టిన యమహా పియానో 17 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

రేడియోలో మాట్లాడుతూ రేడియో గొప్ప చెప్పుకోకపోతే ఎలా? ఇంత పొడుగు పాట ఎవడు వేస్తాడని రికార్డు కంపెనీ వెనకాడింది. లండన్‌లో క్యాపిటల్ రేడియోలో కెనీ ఎవరెట్ అనే ప్రయోక్త ఉండేవాడు, ఫ్రెడ్డీకి స్నేహితుడు. విడుదలకు ముందే అతని చేతిలో ఒక కాపీ పడింది. వేయకూడదంటూనే మొదట కాస్త ముక్క, తర్వాత ఇంకాస్త, చివరికి పాటంతా వేసేశాడు. ఆ శని, ఆదివారాల్లో కలిపి పద్నాలుగుసార్లు వినిపించాడు. సోమవారం జనం దుకాణాల మీద పడ్డారు, రికార్డేమో ఇంకా రాలేదు. వచ్చాక బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

దీన్ని వేదిక మీద ఎలా పాడారని చాలామంది అడుగుతారు. పాడలేదు. ఒపెరా భాగం రాగానే దీపాలు ఆర్పి నలుగురూ లోపలికి వెళ్లిపోయేవాళ్లు, అక్కడ టేపు వినిపించేవాళ్లు. రాక్ భాగం రాగానే పరుగున వచ్చి అందుకునేవాళ్లు. పెదవులు కదిపి పాడినట్టు నటించడం ఇష్టం లేక అలా చేశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

క్వీన్ అంటే ఫ్రెడ్డీ ఒక్కడే అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. నలుగురూ నలుగురే. బ్రయన్ మే, రోజర్ టేలర్ అంతకుముందు స్మైల్ అనే బృందంలో ఉండేవాళ్లు. అందులో పాడే టిమ్ స్టాఫెల్ 1970లో వెళ్లిపోతే ఆ చోటులోకి ఫ్రెడ్డీ వచ్చాడు. క్వీన్ అని పేరు పెట్టిందీ, కొంతకాలానికి వాళ్ల ముద్ర గీసిందీ అతనే. ఆ ముద్రలో రెండు సింహాలు, ఒక పీత, ఇద్దరు దేవకన్యలు ఉంటారు. నలుగురి జన్మరాశులూ కలిపితే వచ్చిన బొమ్మ అది. ఇద్దరు సింహరాశి, ఒకరు కర్కాటకం, ఫ్రెడ్డీది కన్య. రాశులు వాళ్ల లెక్కలో లెండి, మన పంచాంగంలో చూస్తే మారిపోతాయి. 1971లో బేస్ గిటారిస్టు జాన్ డీకన్ చేరాక లెక్క సరిపోయింది.

ఈ నలుగురి చదువులు చూస్తే ముచ్చటేస్తుంది. బ్రయన్ మే ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన మధ్యలో ఆపి గిటారు పట్టుకున్నాడు, మళ్లీ మొదలుపెట్టి 2007లో ఇంపీరియల్ కాలేజీలో డాక్టరేట్ పుచ్చుకున్నాడు. సౌరమండలంలోని ధూళి మీద అతని పరిశోధన. అతని గిటారు కుర్రతనంలో తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్నది. దాని మెడకు వాడిన చెక్క పాత చలిమంట గూడు పైదూలం. దాన్ని మీటేది ప్లాస్టిక్ బిళ్లతో కాదు, పాతకాలపు ఆరు పెన్నీల నాణెంతో. రోజర్ టేలర్ దంతవైద్యం కొన్నాళ్లు చదివి మానేశాడు. పక్కన దంతవైద్యం చదివినవాడు ఉండి కూడా ఫ్రెడ్డీ పళ్లు అలాగే ఉండిపోయాయి చూడండి. జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్‌లో మొదటి శ్రేణి పట్టభద్రుడు. లండన్‌లో రోడ్డు పక్క చెత్తతొట్టిలో దొరికిన సర్క్యూట్ పలకతో ఒక బుల్లి ఆంప్లిఫయర్ చేశాడు. బాటరీతో నడిచే ఆ పెట్టెలోంచే బ్రయన్ మే వయొలిన్లలాగా, బూరల్లాగా గిటారు పలికించాడు.

ఇందాక చెప్పిన దబదబల పాట, 'వీ విల్ రాక్ యూ', బ్రయన్ మే రాసింది. 1977లో స్టాఫర్డ్‌లో ఒక కచేరీ అయిపోయి వీళ్లు దిగిపోయాక జనం ఇళ్లకు పోకుండా తమంతట తామే పాట అందుకున్నారు. జనం పాడతామంటే వాళ్లు చేయగలిగేది ఏమిటని మే ఆలోచించాడు. కిక్కిరిసిన చోట కాళ్లు తొక్కగలరు, చప్పట్లు కొట్టగలరు. అంతే, పాట దాని చుట్టూ కట్టాడు. డ్రమ్ములు అసలు లేవు. పాత చర్చి భవనంలో ఉన్న స్టూడియోలో కొన్ని చెక్కపలకల మీద కొద్దిమంది తొక్కి, చప్పట్లు కొట్టి, అదే మళ్లీ మళ్లీ రికార్డు చేశారు. మరి మైదానమంతా తొక్కినట్టు ఎందుకు వినిపిస్తుంది? ఇక్కడే భౌతికశాస్త్రం పనికొచ్చింది. ప్రతి చప్పుడునూ కొద్దికొద్ది ఆలస్యంతో మళ్లీ కలిపాడు. ఆ ఆలస్యాలు ఒకదానికొకటి రెట్టింపులైతే చెవి దాన్ని ప్రతిధ్వనిగా పసిగడుతుంది. అందుకని ప్రధాన సంఖ్యల నిష్పత్తిలో పెట్టాడు. దాంతో ప్రతిధ్వని వినపడదు, దూరదూరంగా నిలబడ్డ పెద్ద గుంపు వినపడుతుంది. ఆ లెక్క తెలియకుండానే లోకమంతా తొక్కుతోంది.

పేచీలు లేవా అంటే, బోలెడు. ముఖ్యంగా డబ్బు దగ్గర. రికార్డుకు ఒకవైపు 'బొహీమియన్ రాప్సొడీ' ఉంటే రెండోవైపు రోజర్ టేలర్ కారు మోజు మీద రాసిన పాట ఉంది. రికార్డు కొన్నవాళ్లు రెండోవైపు వినకపోయినా రాసినవాడికి వాటా సమానం. ఈ గొడవ ఏళ్ల తరబడి నలిగింది. చివరికి 1989లో వచ్చిన 'ది మిరకిల్' ఆల్బమ్ నుంచి ఎవరు రాసినా నలుగురి పేరునే వేయాలని ఒప్పుకున్నారు. ఆ పని మొదట్లోనే చేసి ఉండాల్సిందని తర్వాత వాళ్లే అనుకున్నారు.

సినిమా సంగతికొస్తే, ఫ్రెడ్డీ వేషం వేసిన రామీ మాలెక్ నటనకు ఆస్కార్ ఇవ్వడం న్యాయమే. కానీ కథలో తారీఖులు తారుమారు చేశారు. 1985 జులై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ కచేరీ. ఇథియోపియా కరవు బాధితుల కోసం. అప్పటికి క్వీన్ విడిపోయినట్టూ, ఆ కచేరీ కోసం మళ్లీ కలిసినట్టూ చూపించారు. ఆ మే నెలలోనే వాళ్లు జపాన్‌లో కచేరీలు చేస్తున్నారు. అప్పటికే ఫ్రెడ్డీకి ఎయిడ్స్ సంగతి తెలుసన్నట్టు చూపించడం మరీ అన్యాయం. జబ్బు నిర్ధారణ అయింది 1987లోనని అతనితో కలిసి బతికిన జిమ్ హట్టన్ తన పుస్తకంలో రాశాడు. కచేరీ రోజున దాదాపు 72 వేలమంది ఎదుట ఆ ఇరవై నిమిషాలు ఊపేసిన మాట నిజం. దానికి ముందు ఒక థియేటరు అద్దెకు తీసుకుని గడియారం చూసుకుంటూ సాధన చేసిన మాటా నిజమే. పెద్ద పెద్ద బృందాలు ఆ రోజు సాధన లేకుండా వచ్చి తడబడ్డాయి. ఏ పాటలో ఎంత కోయాలో వీళ్లు ముందే తేల్చుకున్నారు.

సినిమా దాటేసిన ఒక సంగతి కూడా చెప్పాలి. 1984లో వీళ్లు దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో పాడారు. వర్ణవివక్ష మూలంగా కళాకారులెవరూ అక్కడికి వెళ్లొద్దని ఐక్యరాజ్యసమితి పిలుపునిచ్చిన కాలమది. రాజకీయాలతో మాకేమిటన్నారు. వలస కుటుంబంలోంచి వచ్చిన గాయకుడున్న బృందం ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాళ్ల పాటలెంత ఇష్టమైనా ఆ తప్పును నేను వెనకేసుకు రాలేను.

సొంత జీవితం గురించి ఎక్కువ తవ్వను. మేరీ ఆస్టిన్‌తో కొన్నేళ్లు కలిసి బతికాడు, విడిపోయాక కూడా ఆమే అతని ఆప్తురాలు, ఇల్లు ఆమెకే రాసిచ్చాడు. చివరి ఏళ్లు జిమ్ హట్టన్‌తో గడిపాడు. జబ్బు ఎందుకు దాచాడని నిలదీసేవాళ్లకు నా జవాబు ఒకటే. దాచుకునే హక్కు అతనిది. అప్పటి పత్రికలు ఇంటి గేటు ముందు కాపు కాసి, చిక్కిన మొహాన్ని ఫొటో తీసి అమ్ముకున్నాయి. మన దేశంలో తొలి కేసులను 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం గుర్తించింది. ఆ తర్వాత ఎన్నేళ్లపాటు తెలుగునాట ఆ జబ్బు పేరు గుసగుసగా పలికామో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మనకు ఎవర్నీ నిలదీసే అర్హత లేదు.

ఆ చివరి రోజుల్లో అతను చేసింది పని. 'ద షో మస్ట్ గో ఆన్' పాటలో పై స్వరాలున్నాయి, పాడగలవా అని మే అనుమానపడితే, ఒక గుక్క వోడ్కా తాగి పాడేశాడు. 1991 మే నెలలో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో స్టూడియోలో 'మదర్ లవ్' పాడుతూ చివరి చరణం ముందు ఆగాడు, కాస్త తేరుకుని వచ్చి ముగిస్తానన్నాడు. రాలేకపోయాడు. ఆ చరణం రికార్డులో బ్రయన్ మే గొంతులో ఉంటుంది. నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటన ఇప్పించాడు. మర్నాడు రాత్రి పోయాడు. నలభై అయిదేళ్లు. మరుసటి ఏడు ఏప్రిల్ 20న వెంబ్లీలో జరిగిన సంస్మరణ కచేరీ డబ్బుతో మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్ట్ మొదలైంది. ఎయిడ్స్ మీద పనిచేసేవాళ్లకు ఇప్పటికీ సాయం చేస్తోంది.

మిగిలింది నాలుగోవాడి ప్రశ్న. బ్రయన్ మే, రోజర్ టేలర్ తర్వాతి ఏళ్లలో అమెరికన్ గాయకుడు ఆడమ్ లాంబర్ట్‌తో కలిసి వేదికలెక్కారు. అతను ఫ్రెడ్డీని అనుకరించడు, అందుకే నిలబడ్డాడు. జాన్ డీకన్ మాత్రం ఫ్రెడ్డీ పోయాక మనసు పెట్టలేక 1997లో విరమించుకున్నాడు. ఇంటర్వ్యూలు లేవు, వేదికలు లేవు. లండన్‌లో కుటుంబంతో ఉంటున్నాడు. అభిమానులు అతని ఇంటిదాకా వెళ్లి ఫొటోలు తీస్తుంటారు. అది మానేస్తే మంచిది. అతన్ని చూడాలనుకునేవాళ్లు 1980లో వచ్చిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' పెట్టుకుని, ఫ్రెడ్డీ గొంతు సంగతి కాసేపు మరిచిపోయి, కింద నడిచే బేస్ గిటారు మీద చెవి పెట్టండి. ఆ పాట రాసిందీ, ఆ గిటారు వాయించిందీ అతనే.